చప్పుడు పడని మనిషి

స్వరకర్త పోయి నెల రోజులయింది. ఆయన పియానోకు శ్రుతి సరిచేసే ముసలాయన ఆ రోజు మామూలుగానే పనికి వచ్చాడు. స్వరకర్త భార్య మునివేళ్ల మీద నడుస్తూ గదిలోకి వచ్చింది.

"ఇంకా ఎందుకమ్మగారూ ఆ పిల్లినడక? అయ్యగారు లేరుగా!"

"ముప్ఫై ఏళ్ల అలవాటయ్యా. చెంచా కింద పడితే చాలు, రాస్తున్న బాణీ చెడిందని ఇల్లు పీకి పందిరేసేవారు. ఆయనకి అల్లరి పడదని పాపని ఆరేళ్లకే హాస్టల్లో వేశాను. ఇప్పటికీ అది నాతో సరిగ్గా మాట్లాడదు."

"అదేంటమ్మా! ఆ రెండో పియానో దగ్గర పిల్లల గోల మధ్యే రాసేవారే. ఒకత్తి ఒళ్లో, ఒకడు మెడ మీద..."

"రెండో పియానోనా? ఎక్కడ?"

ముసలాయన నాలుక కరుచుకున్నాడు.

"ఇప్పుడు కరుచుకుని ఏం లాభం? చెప్పు."

"స్టేషన్ వెనక వీధిలో. మీకు తెలుసనుకున్నానమ్మా. పాతికేళ్లుగా దానికీ నేనే శ్రుతి చేస్తున్నా."

"ఆ ఒళ్లో పిల్ల ఏ ఈడుది?"

"మన పాప కంటే ఆర్నెల్లు చిన్నదమ్మగారూ."

ఆమె పియానో మూత దభాలున మూసేసింది.

"శ్రుతి సంగతి తర్వాత చూద్దువుగాని. ముందు మా అమ్మాయికి ఫోన్ చెయ్యాలి. దాని అల్లరిలో తప్పేం లేదని నా నోటితో నేనే చెప్పాలి."