అల్లుడుగారి సైకిలు, మావయ్యగారి గాలి

బస్సు డిపో ఎదురుగా టీ కొట్టు. డ్యూటీ దిగినవాళ్లూ ఎక్కబోయేవాళ్లూ బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. నడుమ డిపో మెకానిక్కు. అందరూ ఆయన్ని మావయ్యా అనే పిలుస్తారు. పక్కనే ఆయన కొత్తల్లుడు, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఒద్దిగ్గా కూర్చున్నాడు. గోడకి ఆనించిన కొండలెక్కే సైకిలు అతనిదే. తెల్లారితే కొండ మీంచి కిందికి పోటీ.

"సైకిలు రెడీయేనా మావయ్యా?" అని కండక్టరమ్మ అడిగింది. అడగడమే తప్పయిపోయింది.

"రెడీయా అని అంత మామూలుగా అడుగుతావేంటమ్మా! అల్లుడుగారి ముందే చెబుతున్నాను, కొండల మీంచి సైకిలేసుకుని దూకే కుర్రాడికి పిల్లనిచ్చానేంట్రా దేవుడా అని మొదట్లో నాకు సరిగా నిద్ర పట్టేది కాదు. వెనక షాకు చూశాక ఆ పట్టే కాస్తా పట్టడం మానేసింది. అదిగో, సీటు కింద, ఫ్రేముకీ వెనక చక్రానికీ మధ్య ఉందే, కుదుపులు మింగేది, అదే షాకు. స్ప్రింగుండదు, లోపలంతా గాలే. పాతది కూర్చుంటే మూలిగేది, లేస్తే నూనె కక్కేది. 'అల్లుడుగారూ, ఇది నాకు వదిలేయండి' అన్నాను. పెద్ద గాలి గది ఉన్న కొత్త షాకు తెప్పించి బిగించేశాను. బస్సుల కింద పడుకుని సగం జీవితం గడిపినవాడికి ఇదో పనా?"

"అంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు టీ మాస్టరు.

"మనిషి ఎక్కి కూర్చుంటే షాకు పావు వంతు కుంగాలి. ఎక్కువ కుంగితే పరుపు, అసలు కుంగకపోతే బండరాయి. బరువు చూసి పంపుతో గాలి కొట్టాను. పక్కన ఎర్ర మర కనిపిస్తోందా? కుంగిన షాకు ఎంత జోరుగా లేవాలో చెప్పేది అదే. కుందేలు బొమ్మ వైపు తిప్పితే జోరు, తాబేలు బొమ్మ వైపు తిప్పితే నిదానం. నేను పూర్తిగా కుందేలు వైపు తిప్పి, కన్నకూతురి మొగుడు ఎక్కేముందు మనం ఎక్కి చూడాలి కదా అని ఎక్కేసి, వీధి చివర స్పీడ్ బ్రేకర్ మీదికి పోనిచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఎగిరి పడ్డారా?"

"ఎగిరాను. పడలేదు. రెండో అంతస్తు బాల్కనీలో దిగాను. అక్కడ బట్టలారేస్తున్న ఆవిడ నన్ను చూసి, 'గుమ్మంలోంచి రావచ్చు కదండీ, ఇక్కడ ఇప్పుడే తుడిచాను' అని కసిరింది. నాకు సిగ్గేసింది. రెండు దుప్పట్లు పిండి ఇచ్చాను. పాపం ఆవిడ మనసు కరిగి చేతిలో టీ కప్పు పెట్టింది. తీసుకుని పెడలు మీద కాలేశానో లేదో, బాల్కనీ గట్టు తగిలి షాకు మళ్లీ తన్నింది. ఈసారి వాటర్ ట్యాంకులన్నీ కిందే ఉండిపోయాయి. ఇంకొకడైతే కెవ్వుమని అరుస్తాడు. నేను గాల్లోనే వంగి, ఎడం చేత్తో ఎర్ర మరని పూర్తిగా తాబేలు వైపు తిప్పాను."

"కుడి చెయ్యేం చేస్తోంది?"

"టీ ఉంది కదయ్యా! ఇక చూడండి, ఎంత నిదానంగా దిగడం మొదలెట్టానంటే, ఓ పావురం హ్యాండిల్ మీద వాలి చిన్న కునుకు తీసి లేచి వెళ్లింది. పక్కనే ఆఫీసుల బిల్డింగు. ఒక్కో అంతస్తు కిటికీ దగ్గరా ఎవరో ఒకరు, 'కిందికేనండీ?' అని అడగడం. లిఫ్టు చెడిపోయిందట. కాదనలేను కదా! సీటు మీద ఒకాయన, రాడ్డు మీద ఒకాయన, టిఫిన్ బాక్సుతో ఒకావిడ. బరువు పెరిగేసరికి షాకు పూర్తిగా కుంగిపోయింది. గాలి కొట్టాలి. పంపేమో ఇంట్లో. ఏం చేశానంటారు?"

"దిగి నడిచుంటారు," అంది కండక్టరమ్మ.

"వాల్వుకి నోరు పెట్టి ఊదాను! బస్సు టైరుకి పెట్టే దానికన్నా ఎక్కువ గాలి, ఒక్క ఊపిరితో. అంతే, మబ్బుల్లోకి వెళ్లిపోయాం. టిఫిన్ బాక్సావిడ గోల, 'నేను దిగాల్సింది గ్రౌండ్ ఫ్లోరండీ' అని. ఇంతలో ఓ విమానం పక్కకొచ్చింది. పైలట్ అద్దం దించి, 'అన్నా, దిగేటప్పుడు మా బండి బాగా కుదుపుతోంది, మీరెంత గాలి కొట్టారు?' అన్నాడు. 'అంకె అడిగి లాభం లేదు తమ్ముడూ, ఎవరి బరువుకి వాళ్లే చూసుకుని కొట్టుకోవాలి' అని చెప్పి పంపించాను."

"మరి దిగడం?" టీ మాస్టరు వడపోత గిన్నె పట్టుకునే నిలబడిపోయాడు.

"రాయిలా పడ్డాం. కానీ గాలి గదిలో ముందే ప్లాస్టిక్ రింగులు వేసి పెట్టాను, కుంగేకొద్దీ గట్టిపడేలా. సరిగ్గా డిపోలో దిగాం. కప్పులో టీ తొణకలేదు. ఆ అదురుకి ఆగి ఉన్న బస్సులన్నీ వాటంతటవే స్టార్టయిపోయాయి!"

"అన్యాయం మావయ్యా! ఆ రోజు మా బస్సు స్టార్టవక తోశాం," అంది కండక్టరమ్మ.

"మీది మూలనుంది. అక్కడిదాకా అదురు రాలేదు."

కండక్టరమ్మ అల్లుడి వైపు తిరిగింది. "మీరు చెప్పండి బాబూ. మీరూ అక్కడే ఉన్నారా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "ఉన్నానండి. మావయ్యగారి మాటకి వంక పెట్టేదేం లేదండి. షాకు ఆయనే మార్చారు, గాలి ఆయనే కొట్టారు. నా సైకిల్‌ని ఎవరూ ఇంత శ్రద్ధగా చూడలేదు. కాకపోతే..."

"కాకపోతే?"

"సైకిలెక్కింది మాత్రం అత్తగారండి. మావయ్యగారికి సైకిలు రాదు కదండీ."

బెంచీ మీద ఎవరికో పొలమారింది.

"అత్తగారు స్పీడ్ బ్రేకర్ దాటి ఆగి, 'వెనకనుంచి తంతోంది, కాస్త తాబేలు వైపు తిప్పండి' అన్నారు. ఈయన తిప్పారు. మళ్లీ దాటి చూసి, 'ఇప్పుడు బావుంది, అబ్బాయికి భయంలేదు' అన్నారు. అప్పటిదాకా మావయ్యగారు సీటు పట్టుకుని, 'మెల్లిగా, మెల్లిగా' అంటూ వెనకాలే పరిగెత్తారండి. తర్వాత నా బరువుకి గాలి సరిచేసి ఇచ్చారు."

కొట్టంతా ఒక్కటే నవ్వు. కండక్టరమ్మ టికెట్ల మిషను ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకుంది. అల్లుడు కంగారుపడి, "ఆ పరుగులో పాపం ఆయన చెప్పు కూడా తెగిపోయిందండి," అని మావయ్య పరువు కాపాడబోయాడు.

మావయ్య మీసం తుడుచుకున్నాడు. అల్లుడి భుజం మీద చెయ్యేసి, బెంచీ అంచుకి జరిగాడు.

"చెప్పు తెగిందంటే ఊరికే తెగుతుందా? ఆ రోజు నేను పరిగెత్తిన స్పీడుకి..."

టీ మాస్టరు స్టవ్వు ఆపేసి, వినడానికి బెంచీ మీద చేరాడు.