నలభై రెండు మిల్లీమీటర్లు

ఇంట్లో రోజూ వేడీ వానా కొలిచి, ఏడాదికొకటి చొప్పున రాసి పంపితే, వాతావరణ కేంద్రం తిప్పి పంపిన పన్నెండు నోటు పుస్తకాలు భోజనాల బల్ల మీద ఉన్నాయి. భర్త ఒకటి తెరిచి పట్టుకున్నాడు. ఎదురుగా భార్య కూరగాయలు తరుగుతోంది.

"ఇదిగో, ఈ పాత పుస్తకంలో ఒక నెలంతా పొద్దున్నే మూడు డిగ్రీలు ఎక్కువ ఉందట. చుట్టుపక్కల ఇంకెక్కడా అలా లేదట. థర్మామీటరు కదిపావా?"

"కదిపాను. పెరట్లో పెట్టెలోంచి తీసి వంటింటి కిటికీకి తగిలించాను."

"పొయ్యి పక్కనా! నీడలో, నాలుగున్నర అడుగుల ఎత్తున, గాలాడే చోటే ఉండాలని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా లేదా? అందరూ ఒకేలా కొలిస్తేనే కదా ఆ అంకెకి విలువ! పన్నెండేళ్ల శ్రమ బూడిదలో పోశావు."

"ఎవరి శ్రమండీ? మీరు క్యాంపులు తిరుగుతుంటే రోజూ ఆరింటికల్లా చూసి రాసింది నేను."

"సరే తల్లీ, కదిపానని ఒక్క ముక్క రాయొచ్చుగా?"

"వాన కొలవడానికి వెళ్లి పెరటి మెట్ల మీద జారి పడ్డాను. మళ్లీ ఆ మెట్లు దిగాలంటే భయమేసింది. అందుకే ఆ నెలకి లోపలికి తెచ్చుకున్నాను. నేను పడ్డ రోజు వానెంతో చెప్పండి."

"నలభై రెండు మిల్లీమీటర్లు. ఆ ఏడాదికి అదే ఎక్కువ."

"పుస్తకం చూడకుండానే చెప్పారే! మరి నాకు విరిగింది ఏ చెయ్యి?"

అతను పుస్తకం మూశాడు.

"ఎడమది... కదూ?"

"కుడిది. ఆ నెలంతా ఎడమ చేత్తో రాశాను. మీరొచ్చి చూసి, కోడి కెలికినట్టుందని విసుక్కున్నారు."