షమ్సున్నీసా గుర్తువట్టిన చెయ్యి

గాజుల షమ్సున్నీసా ముచ్చటనా? గామెను ఎవలు యాది జేస్తున్నరు బిడ్డా గిప్పుడు. కూసో, చెప్త. అరవైలల్ల మా బోధన్‌ల మున్సిపల్టి ఎలచ్చన్లొస్తే మా వాడకెళ్లి గామె నిలవడ్డది. ఇంటింటికి తిరిగి గాజులు తొడిగేటామె, పెనిమిటి లేడు, ఎన్కముందు ఎవల్లేరు. మస్జిదు పెద్దలు 'ఔరత్ నిలవడుడేంది' అని మొకం తిప్పుకున్నరు. మావోళ్లేమో 'మనామె గాదు, మనమెందుకేస్తం' అన్నరు. మావోళ్లంటే ఇంకెవలో గాదు, నేనే. గామె మీద నిలవడ్డ రామ్‌దాస్ సేటు దిక్కు ఏజెంటును. అబద్ధమెందుకు, గడప గడపకు తిరిగి గదే మాట జెప్పిన.

ఓట్లనాడు ఫ్యాక్టరీ సైరన్ మోగకముందే బీడీలు జేసే ఆడోళ్లు బుర్ఖాలేసుకొని లైను కట్టిండ్రు. సేటు నా చెవుల ఊదిండు, ముసుగులు తియ్యమను, తియ్యరు, ఎల్లిపోతరని. నేను లేసి, గివన్ని దొంగ ఓట్లు, మొకాలు సూపియ్యాలె అన్న. నిజంగనే నలుగురైదుగురు మర్లిండ్రు. గామె గెలుపంత గా లైన్లనే ఉండె. అయినా ఏడ్వలే, నన్ను తిట్టలే. ఆఫీసరుతోని అన్నది, "సాబ్, చెయ్యి సూపిస్తే సాలు, పేరు నేను జెప్త. గీ వాడల నేను పట్టని చెయ్యి లేదు."

నేనూకుంటనా? నిలవడ్డామె మాట ఎట్ల నమ్ముతరని ఎగిరిన. సరే, పరీక్ష పెడదమన్నడు ఆఫీసరు. దుప్పటి అడ్డం కట్టిచ్చి, మాకు కనవడకుంట బుర్ఖాల లైనుకెళ్లి, మా ఆడోళ్ల లైనుకెళ్లి నలుగుర్ని అవుతల నిలవెట్టి, పేర్లు కాయిదం మీద రాసుకున్నడు. చేతులు మాత్రమే ఇవుతలికి. గామె ఒక్కో చెయ్యి పట్టి మెల్లగ ఒత్తి సూసింది. జకియా అన్నది, సరిపాయె. సుమిత్రమ్మ, ఎముక జర లావు, గాజు తిప్పి ఎక్కియ్యాలె అన్నది, గదీ సరిపాయె. అజీజా. గదీ తప్పలే. నాలుగో చెయ్యి రాంగనే, గామె నోరు తెరవకముందే నేను లేసిన, గిది మా వాడ చెయ్యే గాదు, బయటికెళ్లి తెచ్చిండ్రని.

నా దిక్కు సూసి నిమ్మలంగ అన్నది, "గట్లనకు అన్నా. నీ ఇంటామె, గోదావరి. పెండ్లినాడు గాజులు నేనే తొడిగిన."

దుప్పటి తీస్తే మా ఆమెనే! రెండు లైన్లు గొల్లుమన్నయ్. ఆఫీసరు నవ్వాపుకోలేక మొకం అటు తిప్పుకున్నడు. మర్లినోళ్లు మళ్లొచ్చిండ్రు, బజాప్త చెయ్యి సూపి ఓటేసిండ్రు. నూటపద్నాలుగు ఓట్లతోని గెలిచింది బిడ్డా. జులూసుల మావోళ్ల ఆడోళ్లు, వాళ్ల ఆడోళ్లు ఒక్కతాన నడిసిండ్రు, మస్జిదు ముంగటికెళ్లి, సేటు దుకాణం ముంగటికెళ్లి. ఓడినోన్ని నేను, అయినా సంబురమైంది, ఒట్టు.

ఇంటికొచ్చి మా ఆమెనడిగిన, ఎవలికేసినవే అని. రొట్టె తట్టుకుంట తలగూడ ఎత్తలే.

"నా చెయ్యి ఎరికున్నామెకు" అన్నది.

పన్నెండేండ్ల కాపురం మాది, గప్పటికి.