నా ఎనక అనుండ్రి

ఫిల్మ్‌నగర్‌లో షూటింగు. బాలనటి వర్ణికకు ఇచ్చిన క్యారవాన్ మెట్లకు అడ్డంగా ఆమె తల్లి మంజులత నిలబడింది. పాఠం చెప్పడానికి వచ్చిన అరుణజ్యోతి కిందే ఆగిపోయింది.

“మీరే ఎక్కించిన్రు టీచరమ్మా, మీరే దించాలె.”

“నేనేం ఎక్కించానండీ?”

“జూన్ల బడికి పోతదంట. సినిమాలు బంద్ అంట. పెద్దగైనంక మీ లెక్క టీచరైతదంట! నిన్న ఇంటర్వ్యూల గదే చెప్పింది. డైరెక్టర్ సార్ నా దిక్కు ఎట్ల చూసిండనుకున్నరు!”

“పిల్లలు ఏదో అంటారు లెండి...”

“ఏదో గాదు. గ్యాప్‌ల డైలాగులు చదువుకోవే అంటే, మేకప్ లీలాకుమారికి అక్షరాలు దిద్దిస్తుంది. ‘నా ఎనక అను లీలక్కా’ అనుకుంట, అచ్చం మీ లెక్కనే.”

“అవునా! లీలాకుమారికి ఎంతవరకూ వచ్చాయి?”

“పేరు రాస్తుంది... ఏంది, సంబురపడుతున్నరా?”

“లేదండీ. లేదు.”

“మూడు సినిమాలకు డేట్లు ఇచ్చిన. పదేండ్లు జూనియర్ ఆర్టిస్టుగ ఎండల నిలవడ్డ టీచరమ్మా. గుంపుల నా ముఖం ఒక్కపారి గూడ కనవడలే. నా బిడ్డకు గా గతి వద్దు. పంతులమ్మ బతుకు బాగుండదని మీరే చెప్పుండ్రి. నా మాట ఇనదు, మీ మాటైతే ఇంటది.”

“అబద్ధం ఎలా చెప్పనండీ?”

“చెప్పకుంటే రేపటి సంది రావద్దు.”

“మరి వర్ణిక చదువు?”

“బందే.”

“అలా అనకండి మంజులతగారూ. రోజు మొత్తానికి ఈ ఒక్క గంటే కదండీ దానికి...”

“అందుకే జర చెప్పుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, దాని ఎనక నిలవడి తల దువ్వుత. మీరు ఆగిపోతే, సెట్ల అసిస్టెంట్లు ఇయ్యరా ప్రాంప్టింగు? గట్ల మాట అందిస్త.”

లోపల పదకొండేళ్ల వర్ణిక అద్దం ముందు కూర్చుని ఉంది. మంజులత దువ్వెన తీసుకుని కూతురి వెనక నిలబడింది.

“టీచర్! లీలక్కకు ఒత్తులు గూడ వచ్చినయి! పౌడర్ చల్లి, దాంట్ల వేలితోని రాయించిన. మీరు నాకు రాయించలే? గట్లనే!”

“వర్ణికా, ఒక మాట... నువ్వు టీచర్ అవ్వొద్దమ్మా.”

“ఎందుకు టీచర్?”

“ఎందుకంటే... అదీ... ఆఁ, విలువుండదు. ఎవరూ గుర్తుపెట్టుకోరు.”

“నేను పెట్టుకుంట గదా.”

“అది కాదమ్మా...”

“మీకు పాఠాలు చెప్పుడంటే ఇష్టం లేదా?”

“నాకా? ఇష్టం... లేదు. వేరే పని దొరక్క వస్తున్నాను.”

“నిజంగనా?”

“నిజంగానే. నువ్వు సినిమాలే చెయ్యి.”

“ఇన్నవా బిడ్డా? టీచరమ్మనే చెప్తుంది.”

“ఇన్న అమ్మా. అద్దంల నీ పెదవులు గూడ చూసిన.”

“ఏం పెదవులే? నేను తల దువ్వుతున్న...”

“టీచర్, గిట్ల చెప్పకుంటే మిమ్మల్ని రానియ్యనన్నదా?”

“వర్ణికా, లెక్కల పుస్తకం తియ్యమ్మా.”

“అన్నదా టీచర్?”

“...పుస్తకం తియ్యి.”

“సరే. సినిమాలే చేస్త. అమ్మా, ఇంక బడి మాట ఎత్తను. టీచర్ మాత్రం రోజూ రావాలె.”

“వస్తానమ్మా. రోజూ వస్తాను.”

“కానీ మీరు గట్ల చెప్తే ఎవరూ నమ్మరు టీచర్. ప్రాంప్టింగు రాంగనే అనొద్దు. ఒక్క ఊపిరి ఆగాలె. కండ్లల్లకు చూడాలె. ఏడ్వొద్దు, నేను నేర్పిస్త గదా. నా ఎనక అనుండ్రి: ‘నాకు పాఠాలు చెప్పుడంటే ఇష్టం లేదు.’”