లోపట నువ్వు, బయట మేము

ఆదివారం పొద్దుగాల ఐదున్నర, ఎల్లేషు నాయినా. పాలు పిండే యాల్ల. నువ్వేమో కారుల, మేమంత బయట. గిట్లాంటి రాత ఎవరికన్న ఉంటదా, చెప్పు?

ముందటి సీట్ల కొత్త కుండల ఉన్నవు, మూతికి తెల్లబట్ట కట్టించుకొని. పొద్దు నెత్తిమీదికి రాకముందే వాడపల్లి చేరాలె, కృష్ణల నిన్ను కలపాలె. పెద్దబావ బాలయ్య తానం జేసి, ధోతి కట్టుకొని తయారుగున్నడు. మంగళవారం అమాస, అంతలోపటనే కావాలె అని అయ్యగారు చెప్పనే చెప్పిండు.

కొడుకు ఎల్లేషు తాళంచెవి మీది గుండీ వత్తిండు. కుయ్యిమనలే. మల్ల వత్తిండు. ఊఁహూఁ.

"ఏమైందిరా?" అన్నడు బావ.

"తెరుసుకుంటలేదు పెదనాయినా."

"బతికున్నన్ని దినాలు ఆ చెవి వాడు ఎవ్వనికియ్యలే. సచ్చినంక ఇస్తడా?"

నాకు నవ్వొచ్చింది. ఏడ్సుకుంట నవ్విన. తప్పే గావచ్చు, ఏం జేయాలె? ఉన్నమాటే అన్నడాయె. నిద్రల గూడ చెవిని మొలతాడుకు కట్టుకొని పండేటోడివి. ఇప్పుడు తాళం ముందట నీ కొడుకు దొంగలెక్క నిలవడ్డడు.

కారుల ఎందుకు పెట్టిండ్రంటవా? మరి ఏడ పెట్టాలె? కాష్టం కాడికెల్లి తెచ్చిన అస్థికలు కడప దాటి ఇంట్లకు రావొద్దాయె. మీ నాయినను వాకిట్ల యాపచెట్టు కొమ్మకు కట్టినం, యాదికున్నదా? రాత్రంత మీ అవ్వ చెట్టుకింద మంచమేసుకొని, సచ్చిన మొగనితోని బర్రె ముచ్చట్లు చెప్పింది. ఆ యాపచెట్టు రోడ్డు వెడల్పుల పాయె. నీకు కొమ్మ లేదు. అందుకే శనివారం మాపటికి నిన్ను తెచ్చి, నీ కారులనే కూసోబెట్టి తాళమేసిండ్రు. ఈ ఊర్ల నీకు అంతకంటే ఇష్టమైన జాగ ఏదున్నది?

ఇగ మొదలైంది సంబురం. తాళంచెవిల బ్యాటరీ సెల్లు అయిపోయిందన్నరు. మన కోడలు మమత దుకాణం లేపిచ్చి కొత్త సెల్లు తెచ్చింది. ఏసిండ్రు. గుండీ మీద ఎర్రచుక్క మంచిగనే వెలిగింది. కారు మాత్రం పలుకలే.

"తలుపుకు రంధ్రముంటది గదరా, దాంట్ల పెట్టి తిప్పు" అన్నడు బావ.

పెడితే సగం పోయి ఆగింది. ఎల్లేషు పిన్నీసుతోని గీకిండు. పసుపు! పొడి పొడి రాలింది. దసరా దసరాకు నువ్వు పూసిందే గదా. బండికి బొట్టు ఏడ పెడుతరయ్యా అని నేనడిగితే, "తాళం కాడ్నే, అదే దాని నొసలు" అంటివి. ఇన్నేండ్ల నీ భక్తంత ఆ రంధ్రంల గడ్డకట్టి కూసున్నది. బావ కొబ్బరినూనె పోసిండు. పసుపు ముద్దయింది. ఇంకింత బిగుసుకున్నది. గట్టిగ తిప్పితే చెవి వంగింది.

మెకానిక్కు దివాకరును తిరుమలగిరికెల్లి పిలిపిచ్చినం. ఆదివారమని రానన్నోడు, లోపట నువ్వున్నవంటే వచ్చిండు. ఇనుప పట్టీ అద్దం సందుల దోపి చూసిండు, తీగె వంచి చూసిండు. చెమటలు కారుతున్నయి పిలగానికి. బానెటు ఎత్తి బ్యాటరీకి కరెంటు ఎక్కిద్దమంటే, బానెటు గుంజే పిడి గూడ లోపటనేనట. అన్ని లోపటనే. నీ లెక్కనే.

అప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకొని అద్దంలకెల్లి తొంగిచూసిండు.

"బ్యాటరీ కూసున్నదమ్మా, గా లైటుకు తప్ప దేనికి సాలదు. లోపట లైటు రాత్రంత ఏసి మరిచినట్టున్నరు గదా. ఎవరు మరిచిండ్రు?"



"మరువలే బిడ్డా," అన్న నేను. "పెట్టినం."

ఆ పిలగాడు నా మొకం చూసి, మల్ల లైటు దిక్కు చూసి, పట్టీ కింద పెట్టిండు.

ఏం జేయాలె మరి? పోయినోళ్ల కాడ దీపముండాలె గదా. ఇంట్లయితే నువ్వు పండిన జాగల పెట్టిన. కారుల ప్రమిద పెడితే సీట్లు కాలవా? కొడుకునడిగిన, "మీ నాయినను చీకట్ల పెట్టకురా" అని. వాడు గా మీది చిన్న లైటు ఏసిండు. పచ్చగ, మంచిగ పడ్డది నీ కుండ మీద. నేను దండం పెట్టుకొని పోయి పండిన. ఆ దీపం నీ బండి నెత్తురంత తాగింది. తాగి తాగి తలుపులు మూసుకున్నది.

పగటియాల్లకు బావ తువ్వాల భుజం మీదేసుకొని వచ్చిండు. "ఇగ అద్దం పలగ్గొడుదం" అన్నడు.

"వద్దు బావా," అన్న. "కారుకు గోరు గీసుకుంటెనే ఆయన అన్నం తినకపోయేటోడు. ఆయన లోపట ఉండంగ అద్దం పలగ్గొడుతరా? రేపు చూద్దం. సోమవారం ఉన్నది గదా."

నా నోట్లకెల్లి పెద్దమాట ఎన్నడు రాలే గదా. అందుకే అందరు తలకాయ ఊపిండ్రు. కొడుకైతే నా చెయ్యి పట్టుకొని ఏడ్సిండు.

ఇగో, ఇప్పుడు నీకొక్కనికే చెప్తున్న, ఇను. అద్దం కోసం గాదు. కారు ఏమైతే నాకేంది? పొద్దుగాల వాళ్లంత ఆ చెవిని తిప్పుతుంటె, తెరుసుకోవాలె తెరుసుకోవాలె అని మొక్కుతుంటె, నేను యాదగిరి నర్సింహస్వామిని ఇంకోటి అడిగిన. రేపటిదాంక తెరువకు సామీ అని. వాడపల్లికి నన్ను రానియ్యరు గదా. తలుపు తెరుసుకుంటే నువ్వు పోతవు. అంతే ముచ్చట.

సామి ఇన్నడు. ఒక్కదినం ఇచ్చిండు. ఇస్తే ఏం జేసుకున్న చెప్పు? కారు పక్కన పీటేసుకొని కూసున్న. అద్దానికి చెయ్యి ఆనిచ్చిన. మీ అవ్వలెక్క నీకు ఏదన్న చెప్పుదమనుకున్న. ఒక్క ముచ్చట యాదికి రాలే. కుండను చూసుడే. ఎంతసేపు చూసినా కుండనే. ఆ లైటు మాపటికి ఎర్రటి దారపుపోగులెక్క అయి, కండ్ల ముందటనే కొండెక్కింది.

పొద్దుగాల, అంటే ఇయ్యాల సోమవారం, బావ రాయికి తువ్వాల చుట్టి ఎనుక తలుపు అద్దం కొట్టిండు. ఎల్లేషు చెయ్యి పెట్టి తలుపు తీసిండు. నిన్ను బయటికి తీసినంక గూడ ఆశ పోలే పిలగానికి, స్టార్టు జేసి చూసిండు. ఏడ? కుయ్యిమననే లేదు.

కిరాయి బండ్ల అడ్డ మీద నీ వంతు గుంజుకుంటడని తిడుతవు గదా, గా రామచంద్రయ్యనే జీపు తెచ్చిండు. ముందటి సీట్ల నిన్ను కూసోబెట్టుకొని మెల్లగ పోనిచ్చిండు. ఊరందరిని కిరాయికి తీస్కపోయినోడివి, నువ్వే ఇంకొకరి బండ్ల పోయినవు.

మమత వాకిట్ల అద్దం ముక్కలు ఊడ్సింది. నేను పగిలిన కాడికెల్లి లోపటికి వంగి, ఆ లైటు గుండీని ఆర్పే దిక్కు వత్తిన. ఎట్లాగు వెలుగుతలేదు.

వత్తి, ఇంట్లకొచ్చిన.