గేటుకాడి సెన్సార్

కాజీపేటలో ఒక ఇంటి వరండా. మిట్టమధ్యాహ్నం. ఎలక్ట్రీషియన్ ఓంప్రకాశ్ నిచ్చెన దిగాడు. ఇంటి పెద్దామె దీనమ్మ, కోడలు శిరీష అక్కడే నిలబడి ఉన్నారు.

"బల్బుల తప్పు లేదు దీనమ్మత్తా. సెన్సార్ తప్పు గూడ లేదు."

"మరింకేంది ఓంప్రకాశ్? మా కొడుకు డేవిడ్ నా నెత్తి తింటాండు. బల్బులు మార్సినవ్, సెన్సార్ మార్సినవ్, గేటుకాడ లైటుకు మాత్రం ఎక్కిళ్లు తగ్గలే."

"గదే నాకు సమజ్ కాలే. డేవిడ్ సార్ ఇంట్ల ఉంటె మంచిగ నడుస్తది. సార్ బండెక్కి కేసముద్రం మార్కెట్‌కు పోంగనే బంద్. నేనొచ్చినప్పుడల్లా సార్ ఉండె, లైటు మంచిగుండె. ఇయ్యాల చెప్పకుంట వచ్చిన, దొరికింది."

"ఏం దొరికింది?"

"హాల్ల బోర్డు మీద తిప్పే నాబ్ ఉన్నది గద, డిమ్మర్. అది సగానికి తగ్గించి ఉన్నది."

"అది ప్రార్థనది నాయినా. గురువారం గురువారం ఇంట్ల కూడిక పెడ్తం. పాస్టరయ్య ప్రార్థన జేసేటప్పుడు వరండ లైట్లు, గేటు లైట్లు జర తగ్గిస్తం. మా ఆయన ఉన్నప్పటి పద్ధతి."

"అందుకే తగ్గిస్తె తగ్గే డిమ్మబుల్ ఎల్‌ఈడీలు పెట్టిచ్చిన్రు. మంచిదే. ఆ బల్బులు సెన్సార్‌తోని గూడ నడుస్తయి, ఏం ఫికర్ లేదు. కాని సార్ ఆ సెన్సార్‌ను తీస్కపోయి గీ ప్రార్థన లైన్ మీదనే పెట్టిచ్చిండు. డిమ్మర్ తగ్గిస్తె బల్బు తగ్గుతది. సెన్సార్‌కు తగ్గుడు రాదు. దానికి నిండ కరెంటు గావాలె, లేకుంటె సచ్చినట్టు పడి ఉంటది."

"పడి ఉంటె ఏమైతది అన్నా?"

"ఏమైతది శిరీషక్కా, లైటు కొట్టుకుంటది. సార్ ఫోన్‌కు మెసేజ్ పోదు."

"పోదా?"

"పోదు. ఎవలు గేటు దాటినా సార్‌కు తెల్వది."

"పగటిపూట గూడనా?"

"పగలు లైటు వెలగదు గని సెన్సార్ జూస్తనే ఉంటది, మెసేజ్ పోతనే ఉంటది. పెట్టిన కొత్తల పిల్లి దుంకితె గూడ సార్ ఫోన్ జేసి ఎవలు పోయిన్రన్నడట గద. డిమ్మర్ తగ్గిచ్చి ఉంటె మాత్రం పగలు లేదు, రాత్రి లేదు, ఏం పోదు."

"శిరీషా, నువ్వు లోపటికి పో. చాయ్ పెట్టు."

"పెడ్త అత్తమ్మా. అన్నా, మరి ఎప్పటి సంది గిట్ల..."

"పో అంటాన్న గద!"

"పోతాన్న అత్తమ్మా."

"దీనమ్మత్తా, ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. ఇయ్యాల గురువారం కాదు."

"అయితే?"

"నాబ్ ఎవలు దిప్పిన్రు?"

"దుమ్ము తుడుస్తాంటె దిరిగిందేమో."

"రోజు దుమ్మేనా? సార్ పోంగనే దుమ్ము, సార్ రాంగనే దుమ్ము?"

"నువ్వు లైటు బాగు జెయ్యనొచ్చినవా, పంచాయితి జెయ్యనొచ్చినవా?"

"నాకెందుకత్తా పంచాయితి. సార్ అడిగితె జవాబు జెప్పాలె గద. అక్కనే దిప్పుతాందేమో అని..."

"నేను ముట్టలే! దేవుని తోడు అత్తమ్మా, నేను ముట్టలే!"

"నిన్ను చాయ్ పెట్టుమన్న గద శిరీషా?"

"ఇనబడ్డది అత్తమ్మా. అన్నా, నీ కాళ్లు మొక్కుత, ఆయనకు నా పేరు చెప్పకు. ఘన్‌పూర్‌ల మా అమ్మకు ఆపరేషనైతె ఒక్కసారి జూసొస్త అన్నందుకే నా ఫోన్ గుంజుకున్నడు. గేటు దాటితె ఇగ మళ్ల రానియ్య అన్నడు. నేను నాబ్ దిప్పిన్నని తెలిస్తె నన్ను..."

"ఆగక్కా, ఆగు. సారే ఫోన్ జేస్తాండు."

"ఎత్తకు ఓంప్రకాశ్."

"ఎత్తకుంటె ఇంటికే వస్తడు అత్తా. హలో... ఆఁ సార్, మీ ఇంట్లనే ఉన్న. అత్త ఇక్కడనే ఉన్నది. అక్క... అక్క గూడ ఇంట్లనే ఉన్నది. తప్పా? తప్పు... బల్బులది సార్. గీ డిమ్మబుల్ బల్బులు గీ సెన్సార్‌కు పడ్తలెవ్వు. లే సార్, ఎవ్వలు ముట్టలే. ఎవ్వలు ముడ్తరు? ... డిమ్మర్ తీసెయ్యాల్నా? ఇయ్యాలనా సార్? ... సరే సార్. డైరెక్ట్ ఇస్త. ఆఁ, తాళం గూడ ఏస్త. ఉంట సార్."

"ఏమంటాండు?"

"ఇంకేమంటడత్తా, డిమ్మర్ పీకేసి సెన్సార్‌కు డైరెక్ట్ కరెంటియ్యమంటాండు. బోర్డు డబ్బకు తాళం ఏసి చాబి తనకియ్యాలె. ఇగ ఎవలు తగ్గించరాదు."

"ఇగ వాని ఫోన్ మోగుతనే ఉంటదన్నట్టు."

"ఒక అబద్ధం ఆడిన అత్తా. రెండోది నాతోని కాదు. లైటు పని జెయ్యకుంటె రేపు ఇంకోన్ని పిలుస్తడు, వాడు నిజం జెప్తడు."

"నిన్నెవలన్నరు నాయినా? కలుపు నీ వైర్లు. మెయిన్ బంద్ జేసే కలుపుతవా?"

"చెయ్యకుంటె నాకు షాక్ కొట్టదా?"

"మెయిన్ బందైతె గేటుకాడిది?"

"అన్నీ బంద్."

"ఎంతసేపు?"

"ఎంతసేపంటె... వైరు సాలదు అత్తా. చౌరస్త దాక పోయి తేవాలె. నేను వచ్చేదాక మెయిన్ బందే ఉంటది. ఎండ మస్తున్నది, మెల్లగ వస్త."

"డేవిడ్ అడిగితె?"

"కరెంటు పని నడుస్తాందని చెప్త. అది అబద్ధం గాదు గద. ఇగో, మెయిన్ దించిన. పోతాన్న. అక్కా, పైలం, జాగర్త."

"అన్నా, చాయ్..."

"మళ్లెప్పుడన్న తాగుత అక్కా."

"అత్తమ్మా, ఓంప్రకాశన్న పోయిండు, ఇప్పుడన్న నమ్ము. నేను నిజంగనే ముట్టలే."

"నువ్వు ముట్టలేదని నాకు తెల్వదా బిడ్డా? నేనే దిప్పిన."

"నువ్వా?"

"నేనే. డేవిడ్ పోంగనే తగ్గించుడు, బండి సప్పుడు ఇనంగనే పెంచుడు. మీ మామ గూడ గింతే. గేటుకాడ కుర్చేసుకొని కూసుండేటోడు. కూరగాయలకు పోయి జర ఆలస్యమైతె వాడకట్టంత ఇనెటట్టు అడిగేటోడు. ఎంతైనా ఆయన మనిషి, ఎప్పుడన్న కునుకు తీసేటోడు. నా కొడుకు పెట్టినదానికి కునుకు గూడ లేదు. నా కడుపున బుట్టినోడే. చెప్పుకోను సిగ్గైతాంది."

"మరి నాకెందుకు జెప్పలే అత్తమ్మా? రోజు గీ గడపకాడ నిలబడి గేటు దిక్కు జూసుకుంట ఏడిసిన. ఆయన ఫోన్ మోగుతదని అడుగు బయట పెట్టలే. నువ్వు ఒక్క మాట జెప్తె పోదును గద, మా అమ్మను జూద్దును గద!"

"చెప్తె నమ్ముదువా? అత్త నన్ను పరీక్ష పెడ్తాందనుకుందువు. వాన్ని గన్నదాన్ని నేను. నీ అంతట నువ్వే ఒకరోజు ధైర్యం జేస్తవనుకున్న. పగటాల నిద్రవోయినట్టు పండుకొని, గేటు సప్పుడైతదేమోనని ఇనుకుంట ఉన్న."

"నువ్వు నన్ను కావలి గాస్తానవనుకున్న."

"ఎవలైనా గట్లనే అనుకుంటరు."

"నీ మీద మస్తు కోపం పెట్టుకున్న అత్తమ్మా. తప్పైంది."

"కోపాలు మళ్ల జూద్దాం. ఓంప్రకాశ్ వైరు తెచ్చెటాలకు నువ్వు రైలు స్టేషన్‌ల ఉండాలె. పో."

"పోతె మళ్ల రాను."

"రమ్మని నేననలే."

"సాయంత్రం ఆయనొచ్చి నిన్ను బట్టుకుంటడు. ఎట్ల పోయింది, నువ్వేం జేస్తానవ్ అంటడు. మామ కాడ అన్నేండ్లు పడ్డవ్, ఇగ కొడుకు కాడ గూడ పడ్తవా? నిన్నొక్కదాన్ని ఇడిసిపెట్టి నేనెట్ల పోను?"

"ఇడిసిపెట్టి పొమ్మని ఎవలన్నరు? చెప్పులు తొడుక్కో. నాయి మంచం కింద ఉన్నయి, అవి గూడ పట్టుకరా."