మంచం మధ్యలో

కాలేజీలో పాఠాలు చెప్పే కూతురు ఇంటికొచ్చి చెప్పులైనా విడవకముందే తల్లి గుమ్మంలో నిలదీసింది.

"పక్కింటి పిల్ల మీ క్లాసు కథంటూ నేను రాసిన కథ నాకే చదివి వినిపించిందే! నువ్వు నాకు అక్షరాలు దిద్దించింది ఇందుకా?"

"నీ పేరు తీసేసే పిల్లలకి ఇచ్చానమ్మా. ఒకే కథని ఒక్కో గుంపు ఒక్కో కోణంలో చదవాలి. ఒకళ్ళు డబ్బు వైపు నుంచి, ఒకళ్ళు ఆడవాళ్ళ వైపు నుంచి..."

"ఆ ఆడవాళ్ళ వైపు గుంపు ఏం కూసింది?"

"మొగుడు పోయాక కథలో ఆవిడ ప్రాణం హాయిగా ఉందన్నారు."

"వాళ్ళ నోళ్ళు పడిపోనూ! ఆవిడ ఏడ్చిందని రాశాను, కళ్ళు కనబడలేదా?"

"ఏడుపు ఒక్క వాక్యమమ్మా. మంచం మధ్యలో కాళ్ళు బార్లా చాపుకుని పడుకోవడం పేజీన్నర రాశావు."

"మీ నాన్న దేవుడిలాంటి మనిషే!"

"నాకూ ఒళ్ళు మండి వాళ్ళకి సున్నా వేశాను. తర్వాత ఆయన గురించి ఒక్క మంచి మాటైనా ఉందేమోనని కథంతా వెతికాను. నాన్న అందులో అరవడం తప్ప ఇంకేం చేయలేదమ్మా."

తల్లి గుమ్మంలోంచి పక్కకి తప్పుకుని దారిచ్చింది.

"ఆ సున్నా కొట్టేసి మార్కులు వెయ్యి," అంది చివరికి, కోపం తగ్గకుండానే. "మీ అన్నయ్యకి మాత్రం ఆ కథ చూపించావో, చంపేస్తాను."